తిరుపతిలో పాత ఎంజీఏని మళ్లీ రోడ్డెక్కించాలంటే

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు దొరికిందనగానే మనవాళ్లు మొట్టమొదట చేసే పని కలర్ కార్డు తెప్పించుకోవడం. ఎరుపా, ముదురు ఆకుపచ్చా అని ఇంట్లో ఓట్లు కూడా వేయించుకుంటారు. నేనూ అదే చేశాను కాబట్టి చెప్తున్నా: ఆ కార్డు తీసి బీరువాలో పడేయండి, ఏడాదిన్నర దాకా దానితో పని లేదు. రేసుల్లో తిరిగిన బండైతే మరీను. ఒంటి మీద పొరలు పొరలుగా ఉన్న పాత రంగు, సంబంధం లేని చోట్ల కనిపించే బొక్కలు, ఎవరో ఎప్పుడో కొట్టిన అతుకులు, ఇవన్నీ దాని కాగితాలే అనుకోండి. గీకేసి పుట్టీ పెట్టేశామంటే మళ్లీ ఎన్ని లక్షలు పోసినా రావు.

నాది 1957 ఎంజీఏ 1500, ఇంగ్లండులో ఎంజీ కంపెనీ కట్టిన చిన్న స్పోర్ట్స్ కారు. మద్రాసులో ఒక కుటుంబం దగ్గర కొన్నాను. లారీ మీద ఎక్కించుకుని రేణిగుంట రోడ్డులో మా షెడ్డుకి తెచ్చేసరికి రెండు టైర్లు, ఒక సీటు, లెక్కలేనన్ని ఎలుక గూళ్లు మిగిలాయి. అమ్మినాయన చివర్లో ఒక మాట అన్నాడు, "షోలవరంలో పరిగెత్తిన బండి సార్ ఇది" అని. మద్రాసు చుట్టుపక్కల పాత కారు అమ్మే ప్రతివాళ్లూ చెప్పే మాటే ఇది. అయినా కొట్టిపారేయలేం. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ షోలవరంలో విమానాలు దిగే పాత రన్‌వే మీద ఏళ్ల తరబడి రేసులు నడిపింది, 1990లో శ్రీపెరంబుదూరు వైపు ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో రేసు అంటే అదే. తిరుపతి నుంచి తెల్లారి బయల్దేరితే రేసు మొదలయ్యేలోగా చేరిపోయే దూరం.

ముందు ఇంజన్ సంగతి, ఎందుకంటే మనకి కలిసొచ్చేది అదే

చిత్తూరులో ఒక మేస్త్రి ఉన్నాడు, నలభై ఏళ్లు అంబాసిడర్ టాక్సీల మీదే బతికిన మనిషి. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, "ఏంది సామీ, ఇది మన అంబాసిడర్ ఇంజనే గదా, దీనికింత బిల్డప్ ఏంది?" అన్నాడు.

చాలావరకు నిజమే. ఎంజీఏ 1500లో ఉన్నదీ, మన పాత పెట్రోలు అంబాసిడర్‌లో ఉన్నదీ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ ఇంజన్. రెండూ 1489 సీసీ, బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. ఎంజీఏకి కంప్రెషన్ ఎక్కువ, 8.3. కార్బురేటర్లు రెండు, క్యామ్ వేరు. 5500 ఆర్‌పీఎం దగ్గర మొదట్లో 68 హార్స్‌పవర్, తర్వాత 72 ఇచ్చింది. అంటే అన్నదమ్ములే, ఒకడు టాక్సీ స్టాండులో పెరిగాడు, ఒకడు వ్యాయామశాలలో పెరిగాడు, అంతే. ఇంగ్లండులో ఈ కారు పెట్టుకున్నవాళ్లకి కూడా లేని సౌకర్యం ఇది మనకి: ఈ ఇంజన్‌ని కళ్లు మూసుకుని విప్పే చేతులు చిత్తూరులో, మదనపల్లెలో, చెన్నై పుదుపేటలో ఇంకా ఉన్నాయి. కాకపోతే అంబాసిడర్ ఆగిపోయింది 2014లో, ఆ చేతులకి వయసైపోతోంది. కారు తర్వాత అయినా వెతుక్కోవచ్చు, మేస్త్రిని ముందు వెతుక్కోండి.

దీనికి ఇంకో పక్కా ఉంది. సామాను దొరుకుతుంది కదా అని ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి మీ చేతిలో ఉండేది ఎంజీఏ తొడుగు తొడుక్కున్న అంబాసిడర్. ఒంటి కార్బురేటర్, తక్కువ కంప్రెషన్ పిస్టన్లు, నీరసంగా లాగే బండి. గాస్కెట్లు, బేరింగ్ షెల్స్ లాంటివి పోల్చి చూసి వాడుకోండి, తప్పులేదు. పిస్టన్, క్యామ్, హెడ్డు విషయంలో మాత్రం డబ్బా మీద పేరు చూసి కొనొద్దు, మైక్రోమీటరు పెట్టి కొలిచాకే కొనండి. పుదుపేటలో డీజిల్ అంబాసిడర్ సామాను కూడా ఇదే కుప్పలో కలిసి ఉంటుంది, అమ్మేవాడు "అన్నీ ఒకటే సార్" అంటాడు. ఒకటి కాదు.

ఈ కారు ఇలా ఎందుకు ఉందో తెలియకుండా విప్పొద్దు

1951లో జార్జ్ ఫిలిప్స్ అనే ఆయన ఫ్రాన్స్‌లో లెమాన్ 24 గంటల రేసుకి వెళ్తుంటే అబింగ్డన్‌లో ఎంజీ ఫ్యాక్టరీ ఇంజనీరు సిడ్ ఎనెవర్ అంతకుముందరి మోడల్ ఎంజీ టీడీ ఛాసిస్ మీద గాలికి ఎదురు తిరగని సన్నటి బాడీ ఒకటి కట్టిచ్చాడు. బాడీ బాగానే ఉంది. కానీ టీడీ ఛాసిస్ పట్టీలు (పొడవునా పోయే రెండు ఇనప దూలాలు) ఇరుగ్గా ఉండటంతో డ్రైవరు వాటి మీద కూర్చోవాల్సి వచ్చింది, తలా భుజాలూ గాల్లోకి లేచి, ఆ సన్నదనం వల్ల వచ్చే లాభమంతా పోయింది. ఎనెవర్ దానికి కనిపెట్టిన మందు చాలా మామూలుది: పట్టీల్ని రెండు పక్కలకీ లాగేసి, మధ్యలో గోతిలో మనిషిని కూర్చోబెట్టడం. ఎంజీఏ పుట్టింది అక్కడ.

1955 జూన్‌కి కారు బయటికి రావాలి. బాడీ అచ్చులు ఆలస్యమయ్యాయి. దాంతో ఈఎక్స్182 అన్న పేరుతో మూడు కార్లు నమూనాలుగానే లెమాన్‌కి వెళ్లాయి. మెర్సిడెస్ కారొకటి జనంలోకి దూసుకెళ్లి ఎనభై మందికి పైగా చనిపోయిన రేసు అదే. మూడు ఎంజీల్లో ఒకటి, డిక్ జేకబ్స్ నడిపింది, ఇంచుమించు అదే సమయంలో పల్టీ కొట్టి ఆయనకి తీవ్రంగా దెబ్బలు తగిలాయి. కెన్ మైల్స్, జానీ లాకెట్ నడిపింది 12వ స్థానంలో, టెడ్ లండ్, హాన్స్ వాఫ్లర్‌లది 17వ స్థానంలో ముగించాయి. సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో కారు అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడు అమెరికాలో సెబ్రింగ్ 12 గంటల రేసులో ఎంజీఏ జట్టుకి టీమ్ ప్రైజు, 1960లో మళ్లీ లెమాన్‌లో టెడ్ లండ్, కోలిన్ ఎస్కాట్ ట్విన్-క్యామ్ (రెండు క్యామ్‌షాఫ్టుల ఇంజన్) ఎంజీఏతో 2 లీటర్ల క్లాసు గెలిచారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. 1957లో ఈఎక్స్181 అనే నీటిచుక్క ఆకారం బండిలో రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ అమెరికాలో బోన్‌విల్ ఉప్పు మైదానం మీద గంటకి 245.64 మైళ్లు, అంటే సుమారు 395 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. 1959లో అదే బండిని ఫిల్ హిల్ 254.91 మైళ్లకి, 410 కిలోమీటర్లకి తీసుకెళ్లాడు. లోపల ఉన్నది సూపర్‌చార్జరు తగిలించిన ట్విన్-క్యామ్ ఇంజన్, దాని బ్లాకు పుట్టింది ఈ బీ-సిరీస్ ఇంట్లోనే. ఇది మేస్త్రికి చెప్పాను. స్పానర్ కింద పెట్టాడు. "అంబాసిడరా? నాలుగు వందలా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ బ్లాకు మీద టీ గ్లాసు పెట్టలేదు.

ఈ కథంతా ఎందుకంటే, మీ బండి ఎక్కడ కుళ్లుతుందో ఇందులోనే ఉంది. పట్టీలు పక్కలకి జరిగాయి, నేల కిందికి దిగింది, తలుపుల కింద సిల్స్ రోడ్డుకి దగ్గరగా వచ్చాయి. ముందు చక్రం ఎగజిమ్మిన మట్టీ నీళ్లూ తలుపు ముందరి స్తంభం వెనక్కి చేరి, బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోతాయి. నేల ఇనుము కాదు, ప్లైవుడ్, అది నీళ్లు పీల్చి పక్కనున్న ఇనుమునంతా తడిగా ఉంచుతుంది. కొనేముందు కార్పెట్ లేపి, తలుపు కింద స్తంభాల అడుగున స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. లోపలికి దిగితే బేరం మళ్లీ మొదలుపెట్టండి.

రేసు కారేనా? అడిగి కాదు, వెతికి తెలుసుకోండి

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఎంజీఏ బానెట్, డిక్కీ మూత, తలుపుల పైరేకు అల్యూమినియం, అతుక్కోకూడదు. ఫెండర్లు ఇనుము, అతుక్కోవాలి. ఫెండరు మీద అతుక్కోని చోట కింద ఉన్నది పుట్టీ, తలుపు మీద అతుక్కుంటే ఆ తలుపు ఇక్కడెక్కడో కొట్టించినది.

తర్వాత ప్లేట్లు. ఛాసిస్ నంబరు ముందు మూడక్షరాలు, రెండంకెలు ఉంటాయి. మొదటి హెచ్ అంటే ఎంజీఏ, రెండో అక్షరం డీ అయితే టాప్‌లేనిది, ఎమ్ అయితే కూపే, మూడోది రంగు. నాలుగో చోట ఉన్న అంకె ఏ దేశానికి వెళ్లిందో చెప్తుంది: 2 అంటే కుడి స్టీరింగు ఎగుమతి, 4 అంటే ఉత్తర అమెరికా. ఇండియాకి కొత్తగా వచ్చిన బండి అని చెప్పి 4 ఉన్న ప్లేటు చూపిస్తే ఎడమ నుంచి కుడికి స్టీరింగు మార్చారేమో చూడండి. ఎంజీఏ నంబర్లు 10101తో మొదలయ్యాయి (అంతకుముందు ఎంజీ టీసీ మోడల్ నంబర్లు 0251 నుంచి మొదలుపెట్టారు, ఎందుకంటే ఫ్యాక్టరీ ఫోన్ నంబరు 251, నాకు చాలా ముద్దొచ్చే సంగతి ఇది). 1500 ఇంజన్ ప్లేటు మీద మామూలుగా బీపీ15జీబీ అని ఉంటుంది. ఇంగ్లండులో గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియంకి డబ్బు కట్టి ఛాసిస్ నంబరు పంపితే హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. కారు కట్టిన తేదీ, మొదటి రంగు, మొదటి ఇంజన్ నంబరు, ఎక్కడికి పంపారో అందులో ఉంటాయి. ఒక్క స్పానర్ తిప్పకముందే చేయాల్సిన పని ఇది.

ఇక ఒళ్లంతా వెతకండి. బానెట్‌కి తోలు పట్టీ బిగించిన బొక్కలు, అద్దం తీసేసి చిన్న గాలి అద్దం పెట్టుకున్న గుర్తులు, పల్టీ కొడితే తల కాపాడే గొట్టం సీటు వెనక బిగించిన ప్లేట్లు, నట్లు ఊడిపోకుండా తీగ కట్టడానికి తలలో సన్నగా తొలిచిన బోల్టులు. తీగ బొక్కల బోల్టులు నా బండికి స్టీరింగ్ రాక్ దగ్గర నాలుగు దొరికాయి. పెళ్లిళ్లకి ఊరేగించే బండికి అవి ఎవరూ వేయరు.

డ్రైవర్ వైపు తలుపు మీద రంగుని మాత్రం నేనే గీకాను, ఎవరికీ ఇవ్వలేదు. 800 నంబరు వాటర్ పేపరు, సబ్బు నీళ్లు, అరచేయంత చోటు. పైన ఆఖరుగా కొట్టిన మెరిసే ఎరుపు, దాని కింద బూడిద ప్రైమరు, దాని కింద సుద్దలా రాలే ముదురు ఆకుపచ్చ. ఒక సాయంత్రం ఆకుపచ్చలో తెల్లటి గీత తేలింది. వంకరగా ఉంది. నీళ్లు పోస్తూ నెమ్మదిగా ఆ వంకర వెంట పోతే గుండ్రం తిరుగుతోంది. లోపల నల్ల రంగులో ఒక నిలువు, పైన అడ్డం, చేతితో బ్రష్షు పట్టి రాసిన 7 అంకె. మా ఆవిడ భోజనానికి పిలిచి పిలిచి చివరికి షెడ్డుకే వచ్చి, "ఏడు కోసమా ఇంత?" అంది. అవును, ఏడు కోసమే.

దానితో షోలవరంలో పరిగెత్తిందని రుజువైపోయిందా అంటే, లేదు. ఏదో రేసులో ఏడో నంబరుతో నిలబడింది, అంతవరకే. పాత కుటుంబాల ఆల్బమ్‌లు, రేసు ప్రోగ్రాం కాగితాలు, పాత పేపర్లలో ఫొటోలు కలిస్తేనే మిగతాది. ఈలోపు ఆ తలుపుని ఎవరినీ ముట్టుకోనివ్వకండి, నేను అలాగే మైనం రాసి ఉంచేశాను. కారంతా కొత్త ఆకుపచ్చ, ఆ తలుపు ఒక్కటి పాతది. చూసినవాళ్లు "పెయింటు అయిపోయిందా అన్నా?" అని అడుగుతారు, అడగనివ్వండి.

బాడీ: కోసేముందు కట్టు కట్టండి

పుత్తూరు కట్టు తెలుసు కదా, విరిగిన ఎముకని సరిగ్గా కూర్చి, వెదురు బద్దలు పెట్టి కదలకుండా బిగిస్తారు. ఎంజీఏ సిల్స్ మార్చేటప్పుడు చేయాల్సింది అచ్చం అదే. సిల్స్ కోసేస్తే ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య బాడీని నిలబెట్టేది ఏదీ ఉండదు, రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా తలుపు జన్మలో పడదు. అందుకని బాడీని ఛాసిస్ నుంచి విప్పకుండా, బోల్టులు బిగించి ఉంచే, తలుపులు తగిలించి, సందులు సమానంగా ఉన్నాయని చూసుకుని, తలుపు తీసేశాక ఆ ఖాళీలో చదరపు పైపు ముక్కలు అడ్డంగా, మూలగా వెల్డింగ్ పెట్టించండి. ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క. వెల్డర్ వేసిన ప్రతి చిన్న చుక్కకీ తలుపు పెట్టి చూడండి, ఆయన విసుక్కుంటాడు, టీ ఇప్పించండి.

రంగు తీయడానికి శాండ్ బ్లాస్టింగ్ అని ఎవరైనా అంటే ఛాసిస్‌కి మాత్రమే ఒప్పుకోండి. నేను ఒకచోట బానెట్ ఇచ్చాను, అల్యూమినియం అని చెప్పే ఇచ్చాను. సాయంత్రం వెళ్తే అప్పడంలా ఉబ్బి ఉంది. దాన్ని మళ్లీ దారికి తేవడానికి టింకరింగ్ మనిషికి మూడు వారాలు పట్టింది, ఇప్పటికీ ఎండ పక్కనుంచి పడితే అల కనిపిస్తుంది. అల్యూమినియంకి కెమికల్ రిమూవరు, చేత్తో గీకుడు, ఓపిక, అంతే. తలుపుల్లో అల్యూమినియం రేకు ఇనప ఫ్రేము మీద మడిచి ఉంటుంది, ఆ మడతలో రెండు లోహాలూ తడి తగిలి ఒకదాన్నొకటి తినేస్తాయి. తెల్లటి పొడి రాలుతుంటే మడత విప్పించి, ఇనుముకి ఎపాక్సీ ప్రైమరు కొట్టి మళ్లీ మడిపించండి. నేలకి మెరైన్ ప్లై, అంచులకి కూడా వార్నిష్ తాగించండి.

ఇంజన్ లెక్కలు

లేత్ షాపుకి తీసుకెళ్లేముందు బ్లాకు ఎంత అరిగిందో కొలిపించండి, క్రాంకు ఇప్పటికే ఎంత అండర్‌సైజుకి రుబ్బారో చూడండి. పది, ఇరవై, ముప్పై, నలభై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా బేరింగ్ షెల్స్ దొరుకుతాయి, నలభై దాటితే వేరే క్రాంకు చూసుకోవాలి. పాత ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలుకి కట్టినవి, ఇండియాలో 2000 నుంచి సీసం లేదు, కాబట్టి హెడ్డు ఎలాగూ విప్పారు కనుక ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు కూర్చోబెట్టించండి. హెడ్డు నట్లు 50 పౌండ్-అడుగులు, అంటే సుమారు 7 కేజీ-మీటరు, మధ్యలోంచి బయటికి, మూడు విడతలుగా.

టాపెట్ల సందు ఇంజను వేడి మీద 17 థౌ. ఎనిమిది వాల్వులకీ తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకోండి: 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది సెట్ చేయాలి, 6వది తెరిస్తే 3వది, రెండూ కలిపితే తొమ్మిది. మేస్త్రికి ఈ లెక్క నోటికి వచ్చు కానీ ఎందుకని అడిగితే "మా గురువు చెప్పినాడు" అన్నాడు. పాయింట్ సెట్ సందు 15 థౌ, ప్లగ్గు సందు 25 థౌ, ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2, టైమింగు 7 డిగ్రీలు ముందుకి. ఆయిలు మామూలు 20డబ్ల్యూ-50 మినరల్, జింకు ఎక్కువున్నది చూసి. ఖరీదైన పలచని సింథటిక్ పోస్తే కింద కారడం తప్ప లాభం లేదు.

రెండు ఎస్‌యూ కార్బురేటర్లు చూసి అందరికీ టెన్షన్. అక్కర్లేదు. ముందు గాలి సమానం చేయండి: అడుగున్నర రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస ఒక కార్బురేటర్ నోటి దగ్గర, తర్వాత రెండోదాని దగ్గర. బుస ఒకేలా వినపడేదాకా స్క్రూలు తిప్పండి. తర్వాత మిశ్రమం. కార్బురేటర్ లోపలి పిస్టన్‌ని వేలితో గోరు మందం, అంగుళంలో ముప్పై రెండో వంతు, పైకి లేపండి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయింది. పైన గోపురంలో 20 నంబరు ఆయిలు పోయడం మర్చిపోతారు, అది లేకపోతే యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఎక్కిళ్లు పెడుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి లోపల నుంచి పొరలు ఊడతాయి, అవి వెళ్లి ఫ్లోట్ సూదిలో ఇరుక్కుంటాయి, ఘాట్ మధ్యలో పెట్రోలు ఎగ్జాస్ట్ మీద కారుతుంది. పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే ఆర్9 గుర్తున్నవి వేయండి, ఫిల్టరు పెట్టండి, నెలల తరబడి ట్యాంకులో ఉంచొద్దు, తేమ పీల్చుకుంటుంది. రేడియేటర్‌లో మన బోరు నీళ్లు పోయొద్దని వేరే చెప్పాలా? రెండు వేసవులకి లోపల సున్నం గోడ కట్టేస్తుంది. నా పాత రేడియేటర్ కోర్ విప్పితే తెల్లగా ఇడ్లీ పాత్రలా ఉంది.

కరెంటు, బ్రేకులు, చక్రాలు

ఈ బండికి బ్యాటరీ ప్లస్ ఎర్త్. మళ్లీ చెప్తున్నా, ప్లస్ ఎర్త్, బాడీకి బిగించాల్సింది ప్లస్సే. ప్రతి ఎలక్ట్రీషియనూ అలవాటు చొప్పున మైనస్ బాడీకి బిగిస్తాడు, నేను లేనప్పుడు ఒకాయన బిగించి, నేను తగిలించుకున్న ఫోన్ చార్జరు పొగలు కక్కేదాకా నాకు తెలియలేదు. బ్యాటరీ దగ్గర ఎర్ర పెయింటుతో పెద్దగా రాసిపెట్టండి. అసలుకి సీట్ల వెనక రెండు 6 వోల్టులవి ఉండేవి. నేను ఒక పక్క గూటిలో పట్టే చిన్న 12 వోల్టులది పెట్టాను, బ్యాటరీల ఫ్యాక్టరీ కరకంబాడిలో పెట్టుకుని వాటికోసం ఇంగ్లండుకి రాయడం ఎందుకు?

బ్రేకుల్లో పిసినారితనం వద్దు. 1500కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, ముందు డిస్కులు 1959లో 1600తో వచ్చాయి. అంతా ఒకే లైను, ఎక్కడో ఒకచోట కారిందంటే పెడల్ నేలకి పోతుంది. మాస్టర్ సిలిండర్‌లో బ్రేకుకీ క్లచ్చుకీ రెండు గొట్టాలు ఒకే పోతలో ఉంటాయి, గుంటలు పడి ఉంటే స్లీవ్ వేయించండి, రబ్బర్లు, గొట్టాలు అన్నీ కొత్తవే.

తీగల చక్రాలుంటే హబ్ పళ్లు చూడండి. కారు జాకీ మీద లేపి, ఎవరినైనా బ్రేకు తొక్కమని చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపండి, టక్కుమంటే పళ్లు అరిగాయి. మధ్యలో రెక్కల నట్టు ఎడమ పక్కది మామూలు మర, కుడి పక్కది ఉల్టా మర. పంక్చరు షాపు కుర్రాడికి ఇది తెలియదు, రాగి సుత్తి మీ దగ్గరే పెట్టుకుని మీరే కొట్టండి.

కాగితాలు, తర్వాత రోడ్డు

2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రూలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడే టూ-వీలర్లు, ఫోర్-వీలర్లకి వర్తిస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు, ఎంజీఏ తొడుగు తొడుక్కున్న అంబాసిడర్ సంగతి మొదట్లో అందుకే అంత చెప్పాను. పాత రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరే ఉంచుకోవచ్చు. లేకపోతే వీఏ సిరీస్‌లో కొత్త నంబరు, ఫీజు 20,000, పదేళ్లకి చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ 5,000. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు కోసం, రిపేరు కోసం తిప్పొచ్చు. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి కాదు.

మొదటి రోజు తిరుమల ఘాట్ ఎక్కిద్దామని అందరూ సరదా పడతారు. వద్దు, వెనక బస్సుల వరస, ఆగడానికి చోటుండదు. నేను ముందు రేణిగుంట రోడ్డులో తెల్లవారి నాలుగింటికి ఇరవై కిలోమీటర్లు, చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించి, టాపెట్లు మళ్లీ చూసి, వారం తర్వాత భాకరాపేట ఘాట్. 3000 ఆర్‌పీఎం దాటించకుండా, ప్రతి పది కిలోమీటర్లకీ ఆగి హబ్బుల మీద చేయి పెట్టి వేడి చూసుకుంటూ. మేస్త్రి పక్క సీట్లో గోతిలో కూర్చుని, మోకాళ్లు ముడుచుకుని, రోడ్డు చెవి పక్కనే పోతుంటే డాష్‌బోర్డు పట్టుకుని, "దీంట్లో ఇరవై నాలుగు గంటలు ఎట్లా కూసున్నారు సామీ వాళ్లు?" అన్నాడు. ఫస్ట్ గేరుకి సింక్రో (కదులుతుండగా గేరు మెత్తగా పడనిచ్చే ఏర్పాటు) లేదు, ఆగాకే వేయాలి, తర్వాత స్టీరింగు అందుకున్న మేస్త్రి అలవాటుగా కదులుతుండగానే వేసి గర్రుమనిపించాడు, ఇద్దరం నవ్వుకున్నాం.

500 కిలోమీటర్లకి ఆయిలు మార్చండి, నట్లన్నీ ఇంకోసారి. షెడ్డులో ఇంజను వెనక కింద పాత బిస్కెట్ డబ్బా మూత ఒకటి పెట్టుకోండి. ఈ ఇంజనుకి క్రాంకు వెనక సీలు లేదు, ఆయిలుని వెనక్కి తిప్పే మర ఒక్కటే ఉంది, రాత్రికి నాలుగు చుక్కలు పడటం మామూలే. ఏ రోజైనా మూత పొడిగా ఉంటే మాత్రం డిప్ స్టిక్ తీసి చూడండి.